టై రాడ్ ఎండ్ మార్పిడి పనిముట్లు

టై రాడ్ ఎండ్ మార్పిడి పనిముట్లు అనగా కారు స్టీరింగు వ్యవస్థలో ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ చివర అరిగిపోయిన కీలును విప్పి, దాని స్థానంలో కొత్తదానిని బిగించడానికి కావలసిన చేతి పనిముట్లు. కొంత ఓపిక, చదునైన నేల ఉన్నవారు ఈ పనిని ఇంటి ఆవరణలోనే చేసుకోవచ్చు. ఐతే నడుస్తున్న బండిలో ఈ కీలు ఊడిపోతే ఆ చక్రం చోదకుని అదుపులో ఉండదు. కనుక ఏ పనిముట్టు దగ్గర డబ్బు ఆదా చేయవచ్చు, ఏ పనిముట్టు దగ్గర చేయకూడదు అనే విచక్షణ ఇక్కడ చాలా ముఖ్యం. ఈ వ్యాసం ప్రధానంగా మారుతి 800 వంటి చిన్న కార్లలో ఉండే ర్యాక్-పినియన్ స్టీరింగుకు సంబంధించినది. మారుతి 800 ఉత్పత్తి 2014లో ఆగిపోయినప్పటికీ, సొంతంగా మరమ్మత్తు నేర్చుకొనేవారికి ఇంత సులువుగా అర్థమయ్యే కారు మరొకటి లేదనే చెప్పాలి.

భాగాలు, వాటి పని

స్టీరింగు చక్రాన్ని తిప్పినపుడు దాని కాడ చివరనున్న చిన్న పళ్ళచక్రం (పినియన్) తిరిగి, పళ్ళు గల అడ్డకడ్డీని (ర్యాక్) కుడి ఎడమలకు జరుపుతుంది. ర్యాక్ రెండు కొసలకు రెండు టై రాడ్లు ఉంటాయి. ప్రతి టై రాడ్‌కు లోపలి వైపు ఒక కీలు, బయటి వైపు ఒక కీలు ఉంటాయి. లోపలి దానిని మెకానిక్కులు ర్యాక్ ఎండ్ అని, బయటి దానిని టై రాడ్ ఎండ్ అని అంటారు. బయటి కీలులో ఒక ఉక్కు గోళం గిన్నె వంటి గూటిలో కదులుతూ ఉంటుంది. ఆ గోళానికి ఉన్న కాడ కింది నుండి పైకి గాని, పై నుండి కిందికి గాని కొద్దిగా సన్నబడుతూ పోతుంది. చక్రాన్ని మోసే నకల్ భుజానికి గల రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగించినపుడు ఈ రెండూ ఒకదానినొకటి గట్టిగా కరచుకొంటాయి. బండి నడిచేటపుడు కాడ కదలకుండా ఉంచేది ప్రధానంగా ఈ పట్టే. నట్టు ఆ పట్టును నిలిపి ఉంచుతుంది. నట్టు తీసిన తరువాత కూడా కీలు ఊడి రాకపోవడానికి కారణం ఇదే. మామూలు పానాలతో ఈ పని పూర్తి కాకపోవడానికీ ఇదే కారణం.

మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరగాలన్న సూత్రం కార్ల కంటే పాతది. మ్యూనిక్ నగరానికి చెందిన బండ్ల తయారీదారుడు గియార్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించిన ఈ అమరికకు 1818లో లండన్‌లో రుడాల్ఫ్ అకర్‌మన్ పేటెంటు తీసుకొన్నాడు. అందువలన కనిపెట్టినవాని పేరు మరుగున పడి, పేటెంటు తీసుకొన్నవాని పేరే పాఠ్యపుస్తకాలలో నిలిచింది. ఆనాడు అది గుర్రపుబండ్ల కోసం ఉద్దేశించినది.

పాత జీపులలో, లారీలలో ర్యాక్‌కు బదులు స్టీరింగ్ బాక్సు, దానికి తోడు మరికొన్ని కడ్డీలు ఉంటాయి. కీళ్ళ సంఖ్య ఎక్కువ, పరిమాణం పెద్దది. విప్పే పద్ధతి మాత్రం ఒకటే.

అరుగుదలను గుర్తించడం

దీనికి ఏ పనిముట్టూ కొననవసరం లేదు. ముందు చక్రాన్ని నేల నుండి ఎత్తి, గడియారంలో 9, 3 అంకెలు ఉండే చోట రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ కుదపాలి. వదులు కనిపిస్తే టై రాడ్ కీళ్ళలో ఏదో ఒకటి అరిగినట్లు అనుమానించాలి. 12, 6 అంకెల చోట పట్టుకొని కుదిపినపుడు వదులు కనిపిస్తే దోషం చక్రపు బేరింగులో గాని, కింది బాల్ జాయింటులో గాని ఉంటుంది. ఒకరు చక్రాన్ని కుదుపుతుండగా మరొకరు కీలు మీద వేలు ఆనించి చూస్తే ఏది అరిగిందో స్పష్టంగా తెలుస్తుంది. కీలుపై ఉండే రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటకు వచ్చి ఉంటే, ఇంకా వదులు రాకపోయినా దాని ఆయువు తీరినట్లే. చిరుగులోంచి దుమ్ము, వాన నీరు చేరి గోళాన్ని త్వరలోనే తినివేస్తాయి.

బండిని ఎత్తే సామగ్రి

పొదుపు పనికిరానిది ఇక్కడే. కారుతో పాటు వచ్చే కత్తెర జాకీ రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే ఉద్దేశించినది. దానిపై నిలిపిన బండి కింద తల గాని, చేయి గాని పెట్టరాదు. టై రాడ్ ఎండ్ విప్పేటపుడు పుల్లర్‌ను బలంగా తిప్పాలి, సుత్తితో కొట్టాలి. ఈ కుదుపుకు జాకీ ఒరిగిపోవడం ఏ మాత్రం వింత కాదు. చక్రాల ట్రాలీ జాకీ ఉన్నప్పటికీ అది ఎత్తడానికే తప్ప నిలపడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో నూనె కారితే బండి మెల్లగా గాని, ఒక్కసారిగా గాని దిగిపోతుంది.

కాబట్టి మొదట కొనవలసినది ఒక జత యాక్సిల్ స్టాండ్లు. ఉన్న డబ్బుతో ట్రాలీ జాకీ, స్టాండ్లు రెండింటిలో ఒకటే కొనగలిగితే స్టాండ్లు కొని, కారుతో వచ్చిన జాకీతోనే ఎత్తి, వాటిపై దించుకోవడం మేలు. స్టాండుపై రాసిన బరువు ఒక్కొక్క స్టాండుదా, జతదా అన్నది చూసుకోవాలి. అతుకులు పగుళ్ళు లేకుండా, అడుగు వెడల్పుగా ఉండాలి. తయారీదారు చెప్పిన చోటే స్టాండు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఎంత మాత్రం వాడరాదు. పైకి గట్టిగా కనిపించే ఇటుక బరువు ఒకే బిందువుపై పడినపుడు ముందస్తు సూచన లేకుండా పిగిలిపోతుంది. వెనుక చక్రాలకు మాత్రం చెక్క దిమ్మెలు అడ్డుపెడితే చాలు. విప్పిన చక్రాన్ని ఊరికే పక్కన పడేయకుండా బండి అంచు కిందికి తోసి ఉంచడం మంచి అలవాటు. స్టాండు జారినా బండి పూర్తిగా నేలకు దిగదు. చక్రపు నట్లను బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే ఎత్తాలి.

పానాలు

చిన్న కార్లలో ఈ పనికి సాధారణంగా 14, 17, 19 మి.మీ. పరిమాణాలు చాలినంత ఉపయోగపడతాయి. ఐనా కొనే ముందు తన బండి నట్లను కొలుచుకోవడం ఉత్తమం. నలభై ముక్కల పెట్టె చూడటానికి ఘనంగా ఉంటుంది గాని, అందులో ఈ పనికి పట్టేవి మూడో నాలుగో ముక్కలే. ఆ పెట్టె ధరకు అవే మూడు పరిమాణాలలో మేలైన రింగు పానాలు, ఫిక్సు పానాలు విడిగా కొనుక్కోవచ్చు. రింగు పానా నట్టు అంచులన్నింటినీ పట్టుకొంటుంది కనుక తుప్పు పట్టిన నట్టు విప్పేటపుడు జారదు. ఫిక్సు పానా టై రాడ్ మీది చెక్‌నట్టుకు తప్పదు. అక్కడ కడ్డీ అడ్డు వస్తుంది కనుక రింగు ఎక్కదు. సర్దుబాటు పానా మాత్రం ఈ పనికి తగదు. దాని దవడ వదులై నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది. మూలలు పోయిన నట్టును విప్పడానికి అయ్యే శ్రమ ముందు మంచి పానా ఖరీదు చాలా స్వల్పం.

పానాపై క్రోమ్-వెనేడియం అని, డ్రాప్ ఫోర్జ్‌డ్ అని ముద్రించి ఉండటం మంచి లక్షణమే గాని, అచ్చు వేయడం ఎవరికైనా సులభమే. భారతీయ ప్రమాణాలలో ఫిక్సు పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 వర్తిస్తాయి. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఈ సంఖ్య కూడా ఉంటే కొంత నమ్మకం కలుగుతుంది. జలంధర్, లూధియానా, నాగౌర్, నాసిక్ ప్రాంతాలలో తయారయ్యే దేశీయ పనిముట్లు దశాబ్దాలుగా మెకానిక్కుల చేతుల్లో నలిగినవి. ఇంటి వాడకానికి అవి పూర్తిగా సరిపోతాయి. పేరు ఊరు లేని మెరిసే పనిముట్ల కంటే, మెరుపు తక్కువైనా చిరునామా ఉన్న పనిముట్టు నయం.

నట్టుకు అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ తీయడానికి ఒక ముక్కు శ్రావణం, చిన్న సుత్తి కావాలి. పాత పిన్ను మళ్ళీ వాడరాదు. కొత్త పిన్ను ధర చాలా స్వల్పం, దాని బాధ్యత మాత్రం పెద్దది. కొన్ని బండ్లలో పిన్నుకు బదులు లోపల నైలాను వలయం గల నట్టు ఉంటుంది. అట్టి నట్టును ఒకసారి విప్పితే పారవేయవలసిందే. ఈ రకంలో నట్టుతో పాటు కాడ కూడా తిరిగిపోతూ ఉంటే, కీలు కింద జాకీ ఆనించి కొద్దిగా ఒత్తిడి కలిగిస్తే వాలు మళ్ళీ పట్టుకొని కాడ నిలుస్తుంది.

తుప్పు పట్టిన మరలకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచాలి. ఇందులో ఖర్చు కంటే నిరీక్షణ ముఖ్యం. గ్యాసు మంటతో కాల్చే పద్ధతి ఇంట్లో పనికిరాదు. దగ్గరలోనే రబ్బరు, గ్రీజు, బ్రేకు గొట్టాలు ఉంటాయి.

కీలును విడదీసే పనిముట్లు

వాలుపట్టును విడిపించడానికి మూడు మార్గాలు ఉన్నాయి. వీటిలో ఏది ఎన్నుకోవాలన్నది ధర కంటే, విప్పే కీలును మళ్ళీ వాడతామా లేదా అన్న విషయంపై ఆధారపడి ఉంటుంది.

అతి చవకైనది రెండు సుత్తుల పద్ధతి. నకల్ భుజం కన్నుకు ఒక వైపు బరువైన సుత్తిని ఆనించి పట్టుకొని, ఎదురు వైపు నుండి మరో సుత్తితో గట్టిగా ఒక్కొక్క దెబ్బ వేస్తారు. దెబ్బకు ఆ రంధ్రం క్షణకాలం కొద్దిగా సాగి, కాడ పట్టు వదులుతుంది. ఆటోనగర్ మెకానిక్కులు రెండు మూడు దెబ్బలతో తేల్చే పని ఇది. కొత్తవారికి గురి కుదరక దెబ్బ బ్రేకు డిస్కు మీదనో, చేతి మీదనో పడుతుంది. కాడ చివర మీద కొట్టడం వలన ప్రయోజనం లేదు, మరలు చితికిపోతాయి. నకల్ పోత అల్యూమినియంతో చేసినదైతే ఈ పద్ధతి జోలికి పోరాదు.

రెండవది రెండు వేళ్ళ ఉక్కు చీలిక. దీనిని కీలుకు, భుజానికి మధ్య దూర్చి వెనుక నుండి సుత్తితో కొడతారు. ధర తక్కువ, పని ఖాయం. కాని ఇది రబ్బరు తొడుగును తప్పనిసరిగా చించివేస్తుంది. పారవేయబోయే కీలుకైతే నష్టం లేదు. ర్యాక్‌ను గాని, దాని బెల్లోస్ తొడుగును గాని మార్చడానికి మంచి కీలును తాత్కాలికంగా విప్పవలసి వస్తే మాత్రం ఈ చీలిక కొత్త ఖర్చును తెచ్చిపెడుతుంది.

మూడవది మరతో నొక్కే పుల్లర్. దీని ఒక దవడ భుజం కింద ఇరుకుతుంది, మర కాడ చివరను నొక్కుతుంది. బోల్టు బిగించేకొద్దీ ఒత్తిడి పెరిగి, ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో పట్టు వదులుతుంది. తొడుగు చిరగదు, సుత్తి అవసరం ఉండదు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ పనిముట్టు ఇంటి మెకానిక్కుకు అన్నింటికంటే తగినది. ఇతర పనిముట్లలో కొంత రాజీ పడినా దీనిని కొనడం మంచిది. కొనేటపుడు చూడవలసినవి దవడ చీలిక వెడల్పు, దవడ మందం, మర నాణ్యత. చీలిక మరీ సన్నగా ఉంటే కాడ చుట్టూ పట్టదు. మరీ వెడల్పుగా ఉంటే భుజంపై ఆనిక చాలదు. దవడ పోత ఇనుముది కాకుండా ఫోర్జింగు చేసినదై ఉండాలి. పోత ఇనుము ఇంత ఒత్తిడికి విరిగి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. మరకు ముందుగా గ్రీజు రాస్తే పుల్లర్ ఎక్కువ కాలం మన్నుతుంది. చవక పుల్లర్లు చెడిపోవడానికి తరచు కారణం గ్రీజు లేకపోవడమే.

ఏ పద్ధతి వాడినా నట్టును పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలపై ఉంచాలి. పట్టు వదిలిన క్షణంలో కీలు, పుల్లర్ ఎగిరి ముఖానికి తగలకుండా ఆ నట్టే ఆపుతుంది. కళ్ళద్దాలు ధరించడం తప్పనిసరి. పుల్లర్‌ను వీలైనంత బిగించినా పట్టు వదలకపోతే, బిగువు అలాగే ఉంచి భుజం కన్ను పక్కన ఒక సుత్తి దెబ్బ వేస్తే సాధారణంగా వదులుతుంది.

లోపలి కీలు

ర్యాక్ ఎండ్ మార్చడం మరికొంత కష్టం. బెల్లోస్ తొడుగును వెనక్కి తీస్తే కీలు కనిపిస్తుంది. చోటు ఇరుకు కనుక దీనికోసం పొడవైన గొట్టం ఆకారంలో ప్రత్యేక పానా ఉంటుంది. ఏళ్ళకు ఒకసారి వాడే ఈ పానాను కొనడం కంటే అడిగి తెచ్చుకోవడం మంచిది. అమెరికాలో ఆటోజోన్, ఓ'రైలీ వంటి విడిభాగాల దుకాణాలు కొంత ధరావతు తీసుకొని ఇటువంటి పనిముట్లను ఎరువిస్తాయి. తిరిగి ఇచ్చినపుడు ధరావతు వాపసు చేస్తాయి. అక్కడ మెకానిక్కు కూలీ చాలా ఎక్కువ కనుక, ఆ దేశంలో ఉంటున్న తెలుగువారిలో సొంతంగా మరమ్మత్తు చేసుకొనేవారికి ఈ సదుపాయం ఉపయోగకరం. మన ప్రాంతంలో పరిచయమున్న మెకానిక్కును అడగడమే మార్గం.

ఈ కీలును విప్పేటపుడు ర్యాక్ తిరగకుండా దాని చదును భాగాన్ని మరో పానాతో పట్టుకోవాలి. లేనిచో బలమంతా పినియన్ పళ్ళపై పడి, చిన్న భాగం మార్చబోయి మొత్తం స్టీరింగు ర్యాక్‌నే మార్చవలసి వస్తుంది.

బిగింపు కొలత

నట్టును ఎంత గట్టిగా బిగించాలన్నది బండి సర్వీసు పుస్తకంలో న్యూటన్ మీటర్లలో ఇస్తారు. పాత పుస్తకాలలో కిలోగ్రామ్ మీటర్లలో ఉంటుంది. ఒక కిలోగ్రామ్ మీటరు సుమారు 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. ఇందుకు వాడే టార్క్ రెంచి ఖరీదైన వస్తువు. మరీ చవకైన టార్క్ రెంచి చూపే అంకె నమ్మదగినదా అన్నది కూడా సందేహమే.

దీనికి ఒక చవకైన ప్రత్యామ్నాయం కలదు. సామాను తూచే కొక్కెపు త్రాసును పానా చివర తగిలించి, పానాకు లంబంగా లాగాలి. నట్టు మధ్య నుండి కొక్కెం వరకు దూరం 25 సెం.మీ. అనుకొందాం. 40 న్యూటన్ మీటర్లు కావాలంటే 40ని 0.25తో భాగించగా 160 న్యూటన్లు వస్తుంది. దానిని 9.8తో భాగిస్తే సుమారు 16.3. అనగా త్రాసు 16.3 కిలోలు చూపినపుడు బిగింపు సరిపోయినట్లు. హైస్కూలు భౌతికశాస్త్రంలో చెప్పే బలభ్రామకమే ఇది. ఈ 40 ఉదాహరణ మాత్రమే, తన బండికి ఇచ్చిన కొలతనే తీసుకోవాలి.

కిరీటం ఆకారపు నట్టులో గాడి, కాడలోని రంధ్రం ఒక వరుసలోకి రాకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కలపాలి. వెనక్కి వదులు చేసి కలపరాదు. వాలు భాగానికి గ్రీజు రాయరాదు, శుభ్రంగా పొడిగా ఉండాలి.

చక్రాల అమరిక

పాత కీలు ఎన్ని చుట్లతో వచ్చిందో లెక్కించి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలని అందరూ చెబుతారు. అది సగం సత్యం. కంపెనీని బట్టి కీలు పొడవు కొద్దిగా మారవచ్చు. కనుక విప్పక ముందే కాడ మధ్య నుండి చెక్‌నట్టు వరకు దూరాన్ని కొలిచి రాసుకోవాలి. చెక్‌నట్టు ఉన్న చోట రంగుతో గుర్తు పెట్టాలి. ఇందుకు గోళ్ళరంగు చక్కగా పనికివస్తుంది. చెక్‌నట్టును పుల్లర్ వాడక ముందే, అంటే కీలు ఇంకా భుజానికి పట్టి ఉండగానే, పావు చుట్టు వదులు చేయడం సులువు.

ఒక చుట్టు తేడా ఎంత ప్రభావం చూపుతుందో గణించవచ్చు. మరల మధ్య దూరం 1.5 మి.మీ., నకల్ భుజం పొడవు 120 మి.మీ. అనుకొంటే, ఒక చుట్టుకు చక్రం సుమారు 0.7 డిగ్రీలు తిరుగుతుంది. 12 అంగుళాల రిమ్ము ముందు అంచుకు, వెనుక అంచుకు మధ్య అది దాదాపు 4 మి.మీ. తేడా. అంత తేడాతో నడిపిన టైర్లు అంచుల వద్ద త్వరగా అరిగిపోతాయి, బండి ఒక పక్కకు లాగవచ్చు. కాబట్టి పని పూర్తయ్యాక చక్రాల అమరిక యంత్రం ఉన్న చోటికి మెల్లగా నడిపి సరిచూపించుకోవాలి. ఇది ఈ పనిలో తప్పించుకోరాని ఖర్చు. వెనుక చక్రాల నుండి ముందుకు దారం లాగి చూసే పాత పద్ధతి అంతవరకు వెళ్ళడానికి సరిపోతుంది.

ఇంట్లో చేయకూడనివి

స్టీరింగు చక్రాన్ని, కాడను విప్పడానికి కూడా పుల్లర్లు దొరుకుతాయి. ఎయిర్‌బ్యాగు లేని పాత కార్లలో అది కష్టం కాదు. భారతదేశంలో 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో చోదకుని వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. అట్టి బండ్లలో స్టీరింగు చక్రాన్ని ఇంటివద్ద విప్పరాదు. అందులో ఉన్నది పేలుడు పదార్థం. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు కాలమ్, హైడ్రాలిక్ ర్యాక్ లోపలి సీళ్ళు కూడా శిక్షణ పొందినవారికే వదిలివేయాలి.

పనిముట్లు దొరికే చోట్లు

సికింద్రాబాదు రాణిగంజ్ పరిసరాలలోని హార్డ్‌వేర్ దుకాణాలలో, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పుల్లర్లు, పానాలు విడివిడిగా దొరుకుతాయి. వస్తువును చేతిలోకి తీసుకొని చూసే వీలుండటం ఇక్కడి లాభం. పాత టై రాడ్ ఎండ్‌ను గాని, దాని కొలతలను గాని వెంట తీసుకుపోతే దవడ చీలిక సరిపోతుందో లేదో అక్కడే తేలిపోతుంది. హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పనిముట్లు తక్కువ ధరకు వస్తాయి. పాత పానా కొనవచ్చు. దవడ వెడల్పు పెరగలేదని ఒక కొత్త నట్టు పెట్టి చూస్తే చాలు. పాత పుల్లర్ కొనేటపుడు మరను మొదటి నుండి చివరి వరకు చేతితో తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే వదిలివేయాలి. పాత యాక్సిల్ స్టాండు మాత్రం కొనరాదు. దాని అతుకు లోపలి పగులు పైకి కనపడదు.